కత్తికి తొందరేమిటి?

గత నెల ఈ శీర్షికలో మొలల గురించి రాసినప్పుడు, రక్తం పడిన ప్రతి మనిషికీ మొలలే అని తేల్చేయవద్దని మధ్యలో రెండు వాక్యాలు రాశాను. ఉత్తరాలన్నీ ఆ రెండు వాక్యాల మీదే వచ్చాయి. అందుకని ఈసారి చోటంతా పురీషనాళం (పెద్దపేగు చివరి భాగం) క్యాన్సర్‌కే, అందులోనూ అరుదుగా వచ్చే మొండి రకాలకే ఇస్తున్నాను. మోకాళ్ల నొప్పుల వాళ్లు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి. రాసినవారి ఆనవాళ్లు తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను.

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మాది హాలియా దగ్గర పల్లె. మా తమ్ముడికి 29 ఏళ్లు. బత్తాయి లోడుతో ఢిల్లీ దాకా లారీ నడుపుతాడు. పోయిన ఏడాది నుంచి విరేచనంలో రక్తం పడుతోంది. గంటల తరబడి సీటు మీద కూర్చోవడం వల్ల వేడి చేసిందని అనుకున్నాం. ఊళ్లో ఆర్‌ఎంపీ మొలలని మాత్రలు ఇచ్చాడు. తర్వాత ఆపరేషన్ లేకుండా మొలలు నయం చేస్తామని బోర్డు పెట్టిన ఒక చోట సూదులు వేయించాం. మనిషి చిక్కిపోయాక హైదరాబాదు తీసుకెళ్తే పేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే కొలొనోస్కోపీ చేశారు. మొదటి ముక్క పరీక్షలో క్యాన్సర్ లేదన్నారు. రెండోసారి తీసిన ముక్కలో సిగ్నెట్ రింగ్ సెల్ కార్సినోమా అని వచ్చింది. ఒక నర్సింగ్ హోంలో వారంలోగా ఆపరేషన్ చేసేస్తామంటున్నారు. ఇంకో డాక్టరు ముందు కరెంటు, కీమో, ఆ తర్వాతే ఆపరేషన్ అంటున్నారు. గడ్డను కడుపులో పెట్టుకుని ఐదారు నెలలు ఎలా ఆగుతాం? మా నాన్న తోటలో ఎకరం బేరం పెట్టారు. త్వరలో తమ్ముడి పెళ్లి కూడా. దారి చెప్పండి.

జవాబు: నాయనా, ముందు మీ నాన్నగారిని ఆ బేరం ఆపమనండి. తోట ఎక్కడికీ పోదు. డబ్బు సంగతి తర్వాత చెబుతాను.

మీకు రెండో డాక్టరు చెప్పిన వరుసే సరైనది. ముందు స్కాన్లు, ఆ తర్వాత రేడియేషన్, కీమో, చివర కత్తి. నేను కత్తి పట్టి బతికినదాన్ని, కత్తి మీద నాకు కోపమేమీ లేదు. కానీ పురీషనాళం విషయంలో తొందరపడి కోసిన కడుపులను మళ్లీ తెరవాల్సి రావడం చాలాసార్లు చూశాను. రెండోసారి లోపల ఏ పొర ఎక్కడుందో అంతుపట్టదు.

ఈ రకం ఎందుకు వేరో చెబుతాను. ఇందులో కణం లోపల జిగురు నిండిపోయి, మధ్యలో ఉండాల్సిన కేంద్రకాన్ని ఒక పక్కకు నెట్టేస్తుంది. సూక్ష్మదర్శినిలో రాయి పొదిగిన ఉంగరంలా కనిపిస్తుంది కాబట్టి ఆ పేరు. గడ్డలో సగానికి మించి ఇలాంటి కణాలుంటేనే పాథాలజిస్టు ఆ పేరు రాస్తారు. ప్రపంచం మొత్తం మీద పెద్దపేగు, పురీషనాళం క్యాన్సర్లలో ఇది నూటికి ఒకటి ప్రాంతంలో ఉంటుంది. మన దేశంలోని పెద్ద క్యాన్సర్ ఆసుపత్రుల్లో అంతకంటే ఎక్కువగా కనిపిస్తోంది. వచ్చేవాళ్లలో నలభై దాటనివాళ్లు చాలామంది. ‘ఈ వయసులో క్యాన్సర్ ఏమిటి’ అని ఆర్‌ఎంపీ ఒక్కడే అనుకోలేదు. పెద్ద చదువులు చదివినవాళ్లూ అలాగే అనుకుంటారు. అందుకే ఈ రోగులు సాధారణంగా జబ్బు ముదిరాకే మా దాకా వస్తారు.

మొదటి ముక్కలో ఏమీ రాకపోవడం మిమ్మల్ని కలవరపెట్టి ఉంటుంది. అది ల్యాబు తప్పే కానక్కర లేదు. మామూలు క్యాన్సర్ పేగు లోపలికి పువ్వులా లేచి, పుండు పడి, కెమెరాకు దొరుకుతుంది. ఈ కణాలు ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని ఉండవు. విడివిడిగా, పై పొర కింద నుంచి పాకుతాయి. సున్నం వేసిన గోడ వెనక చెదలు నడిచినట్టే. పైన చూస్తే గోడ బాగానే ఉంటుంది. కొలొనోస్కోపీలో తీసేది రెండు మూడు మిల్లీమీటర్ల ముక్క. అది పై పొరలోనే ఆగిపోతే రిపోర్టులో ‘వాపు’ అని మాత్రమే వస్తుంది. పేగు బిగుసుకుని, గొట్టం సన్నబడి ఉన్నా ముక్కలో క్యాన్సర్ లేదని వస్తే, లోతుగా మళ్లీ తీయాల్సిందే. మీ విషయంలో రెండోసారి తీసిన డాక్టరుకు దండం పెట్టండి. చాలాచోట్ల మొదటి కాగితంతోనే ఇంటికి పంపేస్తారు.

వేరే మాట. పెట్ స్కాన్ చేయించమని బంధువులు చెవిలో పోరుతూ ఉంటారు, ఖరీదైన పరీక్ష కాబట్టి అదే గొప్పదని. జిగురు నిండిన కణాలు చక్కెరను సరిగా పీల్చుకోవు కాబట్టి ఈ రకం పెట్ స్కాన్‌లో వెలగకపోవచ్చు. వెలగలేదంటే లేదని కాదు. క్యాన్సర్ ఆనవాలుగా రక్తంలో చూసే సీఈఏ అనే ప్రోటీను మామూలుగా ఉందన్న కాగితం చూసుకుని కూడా ధైర్యపడకండి. మీకు తప్పనిసరిగా కావలసింది పొత్తికడుపు ఎమ్మారై, ఛాతీకీ కడుపుకీ సీటీ. ఈ రకం కాలేయం మీదికంటే కడుపు లోపలి పొర మీదికి, లింఫు గ్రంథుల్లోకి పాకడం ఎక్కువ. ఆ పొర మీద ఇసుక చల్లినట్టుండే మచ్చలు సీటీకి చిక్కవు. అందుకే కొందరు సర్జన్లు చికిత్సకు ముందే లాపరోస్కోపుతో కడుపులోకి ఒకసారి చూస్తామంటారు. అలా అంటే అనుమానించకండి, మంచి సర్జను దొరికాడనుకోండి.

ఇక వరుస సంగతి. పురీషనాళం చుట్టూ కొవ్వు పొర ఉంటుంది. లింఫు గ్రంథులన్నీ అందులోనే. ఆ పొరను చిల్లు పడకుండా, మొత్తంగా, గడ్డతో సహా తీయాలని ఇంగ్లండు సర్జను బిల్ హీల్డ్ 1982లో చెప్పాడు. మేమంతా ఆ తర్వాత చేతులు మార్చుకున్నాం. గడ్డ ఆ పొర అంచుకు ఎంత దూరంలో ఉందో చెప్పేది ఎమ్మారై. అంచును తాకుతూ ఉంటే, ఎంత నేర్పరి సర్జను అయినా కణాలను వదిలేసి రావాల్సి వస్తుంది. అప్పుడు అదే చోట, తుంటి ఎముకల మధ్య ఇరుకులో, మళ్లీ పెరుగుతుంది. ఆ నొప్పి శత్రువుకు కూడా వద్దు. రేడియేషన్‌తో ముందు దాన్ని కుదించి, తర్వాత కోస్తే అంచు శుభ్రంగా వస్తుంది. కోసిన తర్వాత రేడియేషన్ ఇవ్వవచ్చు కదా అంటారు. జర్మనీ వైద్యులు ఆ రెండు పద్ధతులనూ పోల్చి 2004లో ఫలితాలు ప్రకటించారు. ముందు ఇచ్చినవాళ్లలో ఐదేళ్లలో అదే చోట తిరిగి వచ్చింది నూటికి ఆరుగురికి. తర్వాత ఇచ్చినవాళ్లలో పదమూడు మందికి. అవి పురీషనాళం క్యాన్సర్లన్నిటి లెక్కలు. ఉంగరం కణాల రకం వాటిలోకెల్లా మొండిది, కాబట్టి దీని విషయంలో జాగ్రత్త ఇంకా ఎక్కువే కావాలి.

రేడియేషన్ రెండు రకాలుగా ఇస్తారు. వారానికి ఐదు రోజుల చొప్పున ఐదారు వారాలు, వెంట కెపాసిటబిన్ అనే కీమో మాత్రలు ఒక పద్ధతి. ఐదే రోజుల్లో పెద్ద మోతాదులు ఇచ్చేది రెండోది. ఆ తర్వాత నాలుగు నెలల దాకా కీమో ఇచ్చి, అప్పుడు ఆపరేషన్ చేయడం ఈ మధ్య పెరిగింది. దీనికి కారణం ఉంది. పెద్ద ఆపరేషన్ అయ్యాక నీరసించిన మనిషి కీమో పూర్తి చేయలేక మధ్యలో మానేస్తాడు. శరీరంలో కంటికి కనబడకుండా తిరుగుతున్న కణాల పని ముందే పట్టాలి. అంటే ఆ ఐదారు నెలలు మీరు ఊరికే ఆగి ఉండరు. చికిత్స మొదటి వారంలోనే మొదలవుతుంది. కత్తి మాత్రమే చివర వస్తుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. ఈ రకం కొందరిలో మందుకు లొంగదు. చికిత్స మధ్యలోనే పెరుగుతుంది. కాబట్టి ‘మధ్యలో స్కాన్ ఎప్పుడు చేస్తారు, తగ్గకపోతే ఆపరేషన్ ముందుకు జరుపుతారా’ అని డాక్టరును మొదటి రోజే అడగండి. ఈ ప్రశ్నకు విసుక్కునే డాక్టరు మీకు వద్దు. ఈలోగా కడుపు ఉబ్బి, గ్యాసు కూడా పోక, వాంతులు మొదలైతే అది వేరే సంగతి. వెంటనే ఆసుపత్రికి పరుగెత్తండి. అప్పుడు కూడా గడ్డ జోలికి పోకుండా, పేగును పొట్ట మీదికి తెచ్చి దారి మళ్లించి, ఆపైన అదే వరుసలో నడుస్తారు.

బయాప్సీ ముక్క మీద ఎంఎంఆర్ పరీక్ష చేయించారో లేదో రిపోర్టులో చూడండి. చేయకపోతే చేయించండి. కణంలో జన్యువుల తప్పులు దిద్దే నాలుగు ప్రోటీన్లు ఉన్నాయో లేవో చెప్పే పరీక్ష ఇది. అవి లేని కొద్దిమందికి, ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొలిపే ఇమ్యునోథెరపీ మందు అద్భుతంగా పనిచేస్తుంది. న్యూయార్కులో అలాంటి 12 మందికి ఆపరేషన్, రేడియేషన్ లేకుండానే గడ్డ కనబడకుండా పోయిందని 2022లో పత్రికలన్నీ రాశాయి. ‘క్యాన్సర్‌కు మందు వచ్చేసింది’ అని ఆ కత్తిరింపు పట్టుకుని నా దగ్గరకు వచ్చినవాళ్లున్నారు. అందరికీ కాదు. పురీషనాళం క్యాన్సర్లలో ఆ లోపం ఉన్నది నూటికి ఐదు నుంచి పది మందికే. మీ తమ్ముడు ఆ కొద్దిమందిలో ఉన్నాడో లేడో చూడకుండా వదిలేయడం మాత్రం అన్యాయం. ముక్కను పరీక్షించిన ల్యాబులో దాన్ని భద్రపరిచిన మైనపు దిమ్మలు, స్లైడులు ఉంటాయి. అడిగి తీసుకోండి, అవి మీవి. వాటిని ఇంకో పెద్ద ఆసుపత్రి పాథాలజీ విభాగంలో చూపించుకోవచ్చు. మళ్లీ ముక్క తీయనక్కర లేదు.

పెళ్లి అన్నారు. ఈ మాట మీ ఇంట్లో ఎవరూ ఎత్తరు కాబట్టి నేనే ఎత్తుతాను. పొత్తికడుపుకు రేడియేషన్ పడితే సంతానం కలిగే శక్తి పోవచ్చు. ఆపరేషన్‌లో నరాలు దెబ్బతింటే దాంపత్యంలోనూ ఇబ్బంది రావచ్చు. రేడియేషన్ మొదటి రోజుకు ముందే వీర్యం దాచిపెట్టించండి. హైదరాబాదులో ఆ సదుపాయం ఉంది, రెండు మూడు రోజుల పని. తర్వాత చేయిద్దామంటే కుదరదు. పిల్ల తరఫువాళ్లకు జబ్బు సంగతి చెప్పాలా అని మీరు అడగలేదు. అడగకపోయినా చెబుతున్నాను, చెప్పండి. పెళ్లి వాయిదా వేయండి. రద్దు చేసుకోవాలో వద్దో ఆ పిల్లను, మీ తమ్ముణ్ణి తేల్చుకోనివ్వండి, పెద్దమనుషులు కాదు.

డబ్బు. ఆరోగ్యశ్రీలో క్యాన్సర్ ఆపరేషన్, కీమో, రేడియేషన్ ఉన్నాయి. 2023 డిసెంబరులో తెలంగాణలో ఆ పరిమితి పది లక్షలకు పెంచారు. రెడ్‌హిల్స్‌లోని ఎమ్మెన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ప్రభుత్వానిదే. పంజాగుట్టలో నిమ్స్ ఉంది. వరసలో నిలబడాలి, కాళ్లు లాగుతాయి, ఒక్కోసారి మాట కటువుగా ఉంటుంది. అయినా వారంలో ఆపరేషన్ అన్న చోటికంటే అదే నయం, అక్కడ నలుగురు డాక్టర్లు ఒకచోట కూర్చుని మీ తమ్ముడి ఎమ్మారై చూస్తారు. హాలియా నుంచి రోజూ తిరగలేరు, రేడియేషన్ అన్ని రోజులూ ఆసుపత్రి దగ్గరలో ఉండే చోటు ఇప్పటి నుంచే చూసుకోండి.

ఇంకొక్కటి. అతను డ్రైవరు. కీమోలో ఆక్సాలిప్లాటిన్ ఉంటే చల్లటి వస్తువు ముట్టుకున్నా, చల్లటి నీళ్లు తాగినా వేళ్లలో, గొంతులో కరెంటు షాకు కొట్టినట్టు ఉంటుంది. మన మే నెలలో ఫ్రిజ్ నీళ్లు, కుండ నీళ్లు కూడా మానమంటే ఎంత కష్టమో తెలుసు, అయినా ఆ కొన్ని రోజులు గోరువెచ్చని నీళ్లే తాగాలి. మోతాదులు పెరిగేకొద్దీ వేళ్లు మొద్దుబారతాయి. చొక్కా గుండీ పెట్టుకోలేకపోతున్నానని అతను అన్న రోజే డాక్టరుకు చెప్పండి. మోతాదు తగ్గిస్తారు. ఓర్చుకుని దాచిపెడితే ఆ మొద్దు శాశ్వతంగా మిగిలిపోయి, స్టీరింగు పట్టు తప్పుతుంది.

ప్రశ్న: మాది మర్రిగూడ మండలం. మా ఊళ్లో ఇద్దరికి ఈ క్యాన్సర్ వచ్చింది. ఫ్లోరైడ్ నీళ్ల వల్లేనా?

జవాబు: మీ మండలం నీళ్లు పళ్లను, ఎముకలను ఏం చేశాయో నాకు ఎవరూ చెప్పనక్కర లేదు. వంగిపోయిన నడుములకు కట్లు కట్టాను. కానీ ఫ్లోరైడ్ వల్ల పురీషనాళం క్యాన్సర్ వస్తుందని రుజువు లేదు. ఇప్పటికే ఆ నీళ్ల మీద ఉన్న నేరాలు చాలు, లేని నేరం మోపవద్దు. పొగాకు, మద్యం, స్థూలకాయం, మాంసం మితిమీరి తినడం, ఇంట్లో ఇంతకు ముందు ఎవరికైనా ఉండటం, వీటికి సంబంధం ఉంది. ఊళ్లో ఆ ఇద్దరూ బంధువులా? అయితే కింది జవాబు చదవండి.

ప్రశ్న: మా అన్నకు 36 ఏళ్లకే పురీషనాళం క్యాన్సర్ వచ్చింది. మా నాయనమ్మ గర్భసంచి క్యాన్సర్‌తో చనిపోయిందని అంటారు. నాకు 27 ఏళ్లు, ఏ బాధా లేదు. పరీక్ష చేయించుకోవాలా? వనపర్తి నుంచి ఒక చెల్లెలు.

జవాబు: చేయించుకోవాలి. తోబుట్టువుకు వచ్చిన వయసు కంటే పదేళ్లు ముందు, లేదా నలభై ఏళ్లకు, ఏది ముందైతే అప్పుడు కొలొనోస్కోపీ మొదలుపెట్టాలన్నది లెక్క. అంటే నీకు ఆ వయసు వచ్చేసింది. పైగా పేగు క్యాన్సర్, గర్భసంచి క్యాన్సర్ ఒకే ఇంట్లో కనిపిస్తే లించ్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య లోపం అనుమానించాలి. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే బిడ్డకు రావడానికి సగానికి సగం అవకాశం. పైన చెప్పిన ఎంఎంఆర్ పరీక్ష ముందు మీ అన్న ముక్క మీద చేయించండి. అది చెడితే ఆపైన జన్యు పరీక్ష. లించ్ అని తేలితే నీకు ఏడాదికో రెండేళ్లకో కొలొనోస్కోపీ, గర్భసంచి మీద కూడా ఒక కన్ను. పేగు శుభ్రం కావడానికి కొలొనోస్కోపీకి ముందు రోజు తాగాల్సిన ఆ ఉప్పుమందు నీళ్లు నోట పెట్టలేం, నిజమే. చల్లబరచి, నిమ్మకాయ వాసన చూస్తూ తాగితే కాస్త నయం.

ప్రశ్న: మక్తల్ దగ్గర మా ఊరు. మా ఆయన ముంబైలో తాపీ మేస్త్రి. మీరు చెప్పిన ఈ రకం క్యాన్సరే. పరేల్‌లోని టాటా ఆసుపత్రిలో మలద్వారం తీసేసి పొట్టకు ఎడమ పక్కన మలం పడే సంచి పెట్టారు. ఇది ఎప్పటికీ ఉంటుందట. ఊరికి వచ్చాక నలుగురిలోకి వెళ్లడం లేదు. పెళ్లికి వెళ్లాల్సి వస్తే ముందు రోజు నుంచి అన్నం మానేస్తున్నాడు. మా అత్తమ్మ ఆయన కంచం విడిగా పెడుతోంది. సంచి చుట్టూ చర్మం ఎర్రబడి మండుతోంది. ఏం తినాలి, పని చేయవచ్చా?

జవాబు: అమ్మా, మొదట మీ అత్తమ్మగారికి ఈ పేజీ చదివి వినిపించు. క్యాన్సర్ అంటుకునేది కాదు. కంచం వల్ల, మంచం వల్ల, భార్యాభర్తల కాపురం వల్ల రాదు. విడి కంచం చూసిన ప్రతి పూటా అతనికి రెండు ముద్దలు తక్కువ దిగుతాయి.

ఇప్పుడు ఆ చర్మం. నూటికి తొంభై సార్లు కారణం కత్తెర. సంచి అంటించే పలకలో రంధ్రం పెద్దగా కత్తిరిస్తున్నారు. పొట్ట మీదికి తెచ్చిన పేగు మూతి చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్లు మాత్రమే ఖాళీ ఉండాలి. ఎక్కువ వదిలితే మలం చర్మాన్ని తాకి కాల్చేస్తుంది. ఆపరేషన్ అయిన కొన్ని వారాలకు వాపు తగ్గి మూతి చిన్నదవుతుంది. మీరు మాత్రం ఆసుపత్రిలో ఇచ్చిన మొదటి కొలతతోనే కత్తిరిస్తూ ఉండి ఉంటారు. ఒక అట్టముక్కకు చిల్లు చేసి మళ్లీ కొలవండి. చర్మాన్ని మామూలు నీళ్లతో కడిగి, మెత్తని గుడ్డతో అద్ది, పూర్తిగా ఆరాక అంటించండి. కొబ్బరినూనె, పౌడరు, డెట్టాల్ ఏవీ వద్దు. నూనె రాస్తే పలక పట్టదు. పలక లాగేటప్పుడు ఒక చేత్తో చర్మాన్ని అదిమి, పై నుంచి కిందికి మెల్లగా ఊడదీయాలి. పేగు మూతి ఎర్రగా, తడిగా, నోటి లోపలి చర్మం రంగులో ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టు. ముట్టుకుంటే నొప్పి తెలియదు, రుద్దితే చుక్క రక్తం రావచ్చు, భయపడకండి. నల్లబడితే మాత్రం ఆ పూటే ఆసుపత్రికి.

సంచి మూడో వంతు నిండగానే ఖాళీ చేయాలి. బరువెక్కే దాకా ఉంచితే పలక ఊడుతుంది, అప్పుడే వాసన బయటపడుతుంది. సరిగ్గా అంటించిన సంచి నుంచి పక్కన కూర్చున్నవాడికి ఏ వాసనా రాదు. పెళ్లికి వెళ్లే ముందు పస్తు ఉండటం వల్ల లాభం లేదు, ఖాళీ పేగులో గ్యాసు ఎక్కువై ఇంకా చప్పుడు చేస్తుంది. వేళకు తినమను. జొన్నరొట్టె, పప్పు, కూర అన్నీ తినవచ్చు. అతనిది పెద్దపేగు చివర నుంచి తెచ్చిన సంచి, మలం గట్టిగానే వస్తుంది. చిక్కుడు, గోరుచిక్కుడు, క్యాబేజీ, ఉల్లి, గుడ్డు, ఇవి గ్యాసును, వాసనను పెంచవచ్చు. పెళ్లి రోజున అవి మానితే చాలు. కొందరికి కుడిపక్కన, చిన్నపేగు నుంచి తాత్కాలికంగా పెడతారు. వాళ్ల సంగతి వేరు. మలం నీళ్లలా వస్తుంది, ఎండాకాలంలో ఒక్క రోజులో ఒళ్లు ఎండిపోతుంది. ఓఆర్ఎస్ ఇంట్లో ఎప్పుడూ ఉండాలి. ఇది చదివే వేరే ఇంటివాళ్ల కోసం రాశాను.

స్నానం సంచితోనే చేయవచ్చు. లుంగీ ముడి సరిగ్గా సంచి మీద పడుతోందేమో చూడు. ముడి పైకి కట్టుకోవాలి, లేదా నాడా ఉన్న వదులు పైజామా. నిజానికి సంచి ఎక్కడ పెట్టాలో ఆపరేషన్‌కు ముందే మనిషిని నిలబెట్టి, కూర్చోబెట్టి, వంచి, బట్ట ఎక్కడ కట్టుకుంటాడో చూసి గుర్తు పెట్టాలి. ఇంకా ఆపరేషన్ కానివాళ్లు ఆ గుర్తు పెట్టించుకోండి.

పని దగ్గర కచ్చితంగా ఉంటాను. సిమెంటు బస్తా ఎత్తకూడదు. సంచి పక్క నుంచి పేగు హెర్నియాగా దిగుతుంది. కొన్ని నెలలు గడిచాక, డాక్టరు సరేనంటే, నడుముకు బెల్టు కట్టుకుని గోడ కట్టడం, ప్లాస్టరింగు చేయవచ్చు. బరువు వేరేవాళ్లు అందించాలి. ఇరవై ఏళ్లు మేస్త్రిగా చేసినవాడి చేతిలో లెక్క, నేర్పు ఉంటాయి. నలుగురు కూలీలను పెట్టుకుని పని చేయించే దారి చూడమను. ముంబై తిరిగి వెళ్లాలన్న ఆరాటం ఉంటే, మూడు నెలలకోసారి చూపించుకోవడానికైనా వెళ్లాల్సిందే కదా. ఈ రకం మొదటి రెండు మూడేళ్లలో తిరగబెట్టే అవకాశం ఎక్కువ, ఒక్క తేదీ కూడా తప్పవద్దు.

ప్రశ్న: నేను అచ్చంపేటలో పనిచేసి విశ్రాంతి తీసుకున్న ఉపాధ్యాయుణ్ణి, 64 ఏళ్లు. మలద్వారం దగ్గర నల్లటి మొల ఉంది, అప్పుడప్పుడు రక్తం. నొప్పి లేదు. సిగ్గు వల్ల ఎవరికీ చూపించలేదు. ఆడ డాక్టరుకు రాస్తున్నందుకు క్షమించండి.

జవాబు: మాస్టారూ, నా గదిలో పరదా వెనక్కి రావడానికి సిగ్గుపడి, తలుపు దాకా వచ్చి జ్వరం అని చెప్పి వెళ్లిపోయిన మగవాళ్లను చాలామందిని చూశాను. మీరు కనీసం రాశారు. గడ్డకట్టిన మొల కూడా నల్లగా ఉంటుంది, కానీ దానికి నొప్పి విపరీతంగా ఉంటుంది. నొప్పి లేని నల్లటి గడ్డ అయితే అది మెలనోమా కాదని పరీక్ష చేయించి తేల్చుకోవాలి. చర్మానికి నలుపునిచ్చే కణాల్లో పుట్టే ఈ క్యాన్సర్ మలద్వారం దగ్గర చాలా అరుదు, కానీ చాలా వేగంగా పాకుతుంది. ముక్క పరీక్ష తప్ప చూపుతో చెప్పలేం. వేలితో పరీక్షకు రెండు నిమిషాలు పడుతుంది. వేలికి ఏడెనిమిది సెంటీమీటర్ల దాకా అందుతుంది, పురీషనాళం గడ్డలు ఎన్నో ఆ దూరంలోనే దొరుకుతాయి. ఈ వారమే జిల్లా ఆసుపత్రిలో సర్జను దగ్గరికి వెళ్లండి. లేపనం రాసి పంపిస్తే, చేయి పెట్టి చూడండి అని అడగండి. మొల అని కోసినా ఆ ముక్కను పారేయనివ్వకుండా పరీక్షకు పంపించండి.

ప్రశ్న: కల్వకుర్తి నుంచి రాస్తున్నాను. మా అమ్మకు ఈ జబ్బు కడుపంతా పాకింది, ఇక చికిత్స లేదన్నారు. రాత్రంతా నొప్పితో అరుస్తోంది. మార్ఫిన్ మాత్ర రాస్తామంటే, అలవాటు పడుతుందని, గుండె ఆగిపోతుందని మేనమామ వద్దంటున్నాడు. అమ్మకు జబ్బు పేరు చెప్పలేదు.

జవాబు: మేనమామగారిని ఒక్క రాత్రి ఆమె మంచం పక్కన కూర్చోమను. క్యాన్సర్ నొప్పికి డాక్టరు చెప్పిన మోతాదులో మార్ఫిన్ ఇస్తే మనిషి వ్యసనపరుడు కాడు. గుండె ఆగదు. చిన్న మోతాదుతో మొదలుపెట్టి, నొప్పిని బట్టి పెంచుతారు. నాలుగు గంటలకోసారి, నొప్పి వచ్చినా రాకపోయినా, గడియారం చూసి వేయాలి. నొప్పి వచ్చాక వేద్దామని ఆగితే మాత్ర వెనకబడుతుంది. చికిత్స లేదన్నారంటే గడ్డకు లేదని, ఆమెకు లేదని కాదు. జిల్లా కేంద్రాల్లో ప్రభుత్వ పాలియేటివ్ (నొప్పి, బాధ తగ్గించే) విభాగాలున్నాయి, ఎమ్మెన్‌జేలోనూ ఉంది. అక్కడ మాత్ర దొరుకుతుంది.

పేరు చెప్పలేదన్నావు. ఆమెకు తెలియదని మీరు అనుకుంటున్నారు. ‘అమ్మా, నీ జబ్బు గురించి ఏమనుకుంటున్నావు’ అని ఒక్కసారి అడిగి, ఆ తర్వాత నువ్వు నోరు మూసుకుని విను. ఎంత తెలుసుకోవాలనుందో ఆమే చెబుతుంది. చెప్పవలసిన మాటలు, ఇవ్వవలసిన బంగారం, చూడాలనుకున్న మనుషులు ఆమెకు ఉండవచ్చు.

మార్ఫిన్ మొదటి రెండు మూడు రోజులు మగతగా, వికారంగా ఉంటుంది, తర్వాత తగ్గుతుంది. తగ్గనిది మలబద్ధకం. పేగు పూర్తిగా మూసుకుపోలేదని డాక్టరు చూసి చెప్పాక, మార్ఫిన్‌తో పాటే మొదటి రోజు నుంచే విరేచనానికి మందు కూడా రాయించు. ఆ చీటీలో రెండో మందు లేకపోతే కౌంటరు దగ్గర నుంచి కదలకు.